బిగుసుకుపోయిన పెట్టెలో పదకొండు ఉత్తరాలు

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వారం కంప్యూటర్ కబుర్లు. కంప్యూటర్ అనగానే రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఇవాళ చెప్పబోయేది ఇంటి కబురే. మనలో చాలామంది ఇళ్ళల్లో అలమారా అడుగునో, మంచం కిందో ఒక పాత లాప్‌టాప్ పడి ఉంటుంది. "అది పోయిందండీ, ఆన్ చేస్తే ఒక్క నిమిషంలో బిగుసుకుపోతోంది" అని ఎప్పుడో పక్కన పెట్టేసి ఉంటాం. దాన్ని పారేసే ముందు ఒక్క పావుగంట నా మాట వినండి.

నేనుండేది సింగపూర్‌లో, వన్-నార్త్ పక్కన. అదెక్కడ అనేవాళ్ళకి రెండు ముక్కలు. సింగపూర్ భూమధ్యరేఖకి ఉత్తరాన దాదాపు ఒక డిగ్రీ దూరంలో ఉంది. ఆ లెక్కే ఈ పేటకి పేరైంది. బ్యూనా విస్టా దగ్గర సుమారు 200 హెక్టార్ల జాగాలో, వైద్య పరిశోధన వాళ్ళనీ, కంప్యూటర్ల వాళ్ళనీ, టీవీ, సినిమాల వాళ్ళనీ ఒక్కచోట చేర్చాలని 2001లో మొదలుపెట్టారు. నక్షా గీసిన ఆవిడ జహా హదీద్. 2003లో బయోపొలిస్ తెరిచారు, 2008లో ఫ్యూజనోపొలిస్ తెరిచారు, 2011లో ఎమ్మార్టీ స్టేషన్ వచ్చింది. ఇప్పుడిక్కడ ఏ భవనంలోకి వెళ్ళినా ఫైబర్ తీగే. ఇలాంటి చోట కూర్చుని టెలిఫోన్ తీగ మీద కీచుమని అరిచే డయలప్ మోడెమ్ బాగుచేయడమంటే, విమానాశ్రయంలో ఎడ్లబండికి ఇరుసు వేయడం లాంటిది. ఆ మధ్య ఒక శని, ఆదివారాలు నేను చేసిన పని సరిగ్గా అదే.

బయోపొలిస్‌లో పనిచేసే మిత్రుడొకడు ఉన్నాడు. వాళ్ళమ్మగారు రాజమండ్రి నుంచి వచ్చారు. పెట్టెలో ఆవకాయ, అప్పడాలతో పాటు చీర మడతల మధ్య ఒక లాప్‌టాప్ తెచ్చారు. ఇరవై ఏళ్ళు దాటినది. మూడేళ్ళ కిందట పోయిన ఆవిడ భర్తది.

"ఆయన ఉత్తరాలు ఇందులో ఉన్నాయి నాయనా. ఎప్పుడు తెరిచినా బిగుసుకుపోతుంది. మా ఊళ్ళో షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, పాత ఇనుముకి ఇచ్చేయమన్నారు. నాకు మనసొప్పలేదు" అన్నారు.

"ఇవ్వండి పిన్నిగారూ, చూద్దాం" అన్నాను. చూద్దాం అనేది కంప్యూటర్ వాళ్ళు, డాక్టర్లు అనే మాట. దాని అర్థం మీకు తెలిసిందే.

ఆ పెద్దాయన టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు 2004లో సింగపూర్ వస్తూ తన లాప్‌టాప్‌లో లైనక్స్ వేసి ఆయన చేతికిచ్చాడు. అప్పటికి వాళ్ళ వీధిలోకి బ్రాడ్‌బాండ్ రాలేదు. బీఎస్ఎన్ఎల్ వాళ్ళ బ్రాడ్‌బాండ్ మొదలైందే 2005 జనవరిలో, మన వీధిదాకా రావడం ఆ తరవాతి మాట. అందాకా ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగే. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఒకరు నెట్‌లో ఉంటే "ఎవరూ ఫోనెత్తకండర్రా" అని ఇంట్లో కేక వేయాలి. నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. అందుకని అందరం ఉత్తరాలు ముందే తీరిగ్గా రాసుకుని "అవుట్‌బాక్స్"లో పెట్టుకునేవాళ్ళం. తరవాత లైను కలిపి, అన్నీ ఒక్కసారి పంపేసి, టక్కున కట్టేసేవాళ్ళం. ఈ అవుట్‌బాక్స్ సంగతి గుర్తుపెట్టుకోండి. కథంతా అందులోనే ఉంది.

పెద్దాయనకి శాఖలో అలవాటైన మంచి గుణం ఒకటుంది, లాగ్ పుస్తకం రాయడం. లాప్‌టాప్‌తో పాటు పిన్నిగారు ఆ నోటుపుస్తకం కూడా తెచ్చారు. ఏ తేదీన ఏం టైపు చేశారో, ఏం జరిగిందో పెన్సిలుతో వరసగా రాసుకున్నారు. మా ఎక్స్ఛేంజి డయల్ టోను మోడెమ్ పోల్చుకోవడం లేదు, అందుకని ఏ, టి, ఎక్స్, మూడు అని ఆజ్ఞ ఇవ్వాలి అని ఒకచోట ఉంది. టోను కోసం ఆగకుండా డయల్ చేయమని దాని అర్థం. నెట్ కలిపే డబ్ల్యువిడయల్ అనే ప్రోగ్రాములో "స్టుపిడ్ మోడ్" అని నిజంగానే ఒక మీట ఉండేది. అది పెడితేనే మన దగ్గర చాలామందికి లైను కలిసేది. దాని పక్కన ఆయన "మోడ్ పేరు నాకు సరిపోయింది" అని రాసుకున్నారు.

2005 జూన్‌లో ఒక పేజీ: "అబ్బాయి పంపిన సి.డి. వచ్చింది. కొత్త కెర్నెల్ వేశాను. మోడెమ్ డ్రైవర్ మళ్ళీ కట్టాను." మర్నాడు: "డయల్ చేయగానే బిగిసింది." ఆ తరవాతి పేజీ: "మోడెమ్ దానంతట అదే మొదలయ్యేలా రాశాను. ఇప్పుడు ఆన్ చేయగానే బిగుస్తోంది." ఆగస్టులో ఆఖరి వాక్యం: "మళ్ళీ బిగిసింది." అంతే. అలమారాలోకి వెళ్ళిపోయింది. తరవాత బ్రాడ్‌బాండ్ వచ్చింది, వేరే కంప్యూటర్ కొనుక్కున్నారు.

శ్రోతలారా, ఏ రిపేరుకైనా ఇంతకంటే మంచి మందుచీటీ దొరకదు. యంత్రం పాడైనప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏమైంది?" అని కాదు, "ఆఖరిసారి ఏం మార్చాం?" అని. ఇక్కడ మారినవి రెండే, కెర్నెల్ ఒకటి, మోడెమ్ డ్రైవర్ ఒకటి.

అయినా పుస్తకంలో ఉందని నమ్మేయకూడదు. మదర్‌బోర్డు పోలేదని ముందు రుజువు కావాలి. లాప్‌టాప్ ఆన్ చేసి, లైనక్స్‌లోకి వెళ్ళకుండా బయోస్ తెర మీదే అరగంట వదిలేశాను. బిగుసుకోలేదు. తరవాత నా సొరుగులో ఉన్న పాత నాపిక్స్ సి.డి. పెట్టాను. క్లాస్ నాపర్ అనే జర్మన్ ఇంజనీరు 2000లో బయటపెట్టిన లైనక్స్ అది. హార్డ్ డిస్కుని ముట్టుకోకుండా సి.డి. మీంచే నడుస్తుంది. గంటసేపు నడిచింది. పాటలు పాడింది. అంటే బోర్డు బాగుంది, మెమరీ బాగుంది, తెర బాగుంది. జబ్బు హార్డ్ డిస్కులో ఉన్న సాఫ్ట్‌వేర్‌ది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రోగం తెలిసింది కదా అని వెంటనే కత్తి పట్టకండి. ఇరవై ఏళ్ళ డిస్కు ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. ముందు అందులో ఉన్న సొత్తు బయటికి తీయాలి. నాపిక్స్‌లోంచే ఆ డిస్కుని చదవడానికి మాత్రమే తెరిచి, అంటే రాయడానికి వీల్లేకుండా తెరిచి, ఆయన ఫోల్డరు మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆయన వాడినది కె-మెయిల్ అనే ప్రోగ్రాము. అది ఉత్తరాలని మామూలు అక్షరాలతోనే దాచుకుంటుంది, ఏ ఎడిటర్‌తోనైనా చదవచ్చు.

అవుట్‌బాక్స్ తెరిచి చూశాను. పదకొండు ఉత్తరాలు. అన్నీ కొడుకు పేరునే. 2005 జూన్ నుంచి ఆగస్టు దాకా. ఒక్కటీ వెళ్ళలేదు.

అవి తెలుగు ఉత్తరాలే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. అమ్మ అనడానికి ఏ, రెండు ఎమ్‌లు, మళ్ళీ ఏ. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా ఆర్.టి.ఎస్. అని పిలిచే పద్ధతి అది. తెలుగు ఫాంట్లు అందరి దగ్గరా లేని కాలంలో ప్రవాసాంధ్రుల ఉత్తరాలు సగం ఇలాగే నడిచేవి. నేను రెండు పంక్తులు చదివి ఆపేశాను. అవి నాకు రాసినవి కావు. పెన్ డ్రైవ్ మిత్రుడి చేతిలో పెట్టి, "ఇవి నీవి" అన్నాను.

అక్కడితో పని అయిపోయినట్టే. కానీ పిన్నిగారు అన్నారు, "ఆయన తెరిచినట్టే తెరుచుకుంటే చూడాలని ఉంది నాయనా." మిత్రుడు పక్కనుంచి మెల్లగా అన్నాడు, "ఆ సి.డి. పంపింది నేనే. కొత్తది బాగుంటుంది నాన్నా, వేసుకో అన్నాను. దేనివల్ల బిగిసిందో నాకు తెలియాలి." అందుకని రెండో రోజు కూడా కూర్చున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. ఒక చిన్న మోడెమ్ డ్రైవర్ మొత్తం లాప్‌టాప్‌ని ఎలా బిగిస్తుంది?

మోడెమ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతకి 8 బిట్లు. అంటే సెకనుకి 64,000 బిట్లు. 56కె అని డబ్బాల మీద రాసుకున్న అంకె ఈ గట్టు దాటలేక వచ్చినదే. 1998 నాటి వి.90 పద్ధతిలో మనవైపు వచ్చేది 56 వేలు, మనం పంపేది 33,600. రోడ్డు ఇరుకు, బండి నిండుగా ఉంది. ఈ కొలతలన్నిటినీ సమయం తప్పకుండా అందించాలి. కొంచెం ఆలస్యమైతే లైను తెగుతుంది.

పాతకాలపు అసలైన మోడెమ్‌లో ఈ లెక్కలు చేయడానికి దాని సొంత చిప్పులుండేవి. కంప్యూటర్ దానికి "ఈ నంబరు తిప్పు" అని చెబితే చాలు. ఆ తరవాత ఖర్చు తగ్గించడానికి ఆ చిప్పులు తీసేశారు. లైనుని అంటుకునే చిన్న ముక్క మాత్రం మిగిల్చి, లెక్కలన్నీ కంప్యూటర్ బుర్ర మీద వేశారు. వీటినే విన్‌మోడెమ్‌లు అనేవాళ్ళం, ఎక్కువగా విండోస్ కోసమే డ్రైవర్లు వచ్చేవి కాబట్టి. లాప్‌టాప్‌లలో ఆ చిన్న ముక్క చాలాసార్లు సౌండు చిప్పుకే తోకలా తగిలి ఉండేది. అంటే అది మోడెమ్ కాదు, మోడెమ్ వేషం వేసిన సౌండు కార్డు. అసలు మోడెమ్ ఆ డ్రైవరే.

ఇక లైనక్స్‌లో ఈ డ్రైవర్ కూర్చునే చోటు కెర్నెల్. మామూలు ప్రోగ్రాములు హాల్లో కూర్చున్న చుట్టాల్లాంటివి. ఒకాయనకి కళ్ళు తిరిగి పడిపోతే పక్కకి పడుకోబెట్టి మిగతావాళ్ళు భోజనం చేయచ్చు. కెర్నెల్ వంటిల్లు. అక్కడ ఒకడు నూనె మూకుడు తన్నేస్తే ఇల్లంతా ఆగిపోతుంది. పైగా మోడెమ్ డ్రైవర్‌కి తొందరెక్కువ. నా పని అయ్యేదాకా ఇంకెవరూ రావద్దని ఇంటరప్ట్‌లు ఆపేసే హక్కు దానికుంది. గేటు వేసిన లెవెల్ క్రాసింగ్ ఊహించుకోండి. రైలు వెళ్ళిపోయాక గేటు తీయాలి. గేటు వేసినవాడు అక్కడే నిద్రపోతే? రెండు వైపులా బస్సులు, లారీలు నిలబడిపోతాయి. వాటి ఇంజన్లలో లోపమేమీ లేదు. మౌసు కదలదు, కీబోర్డు పలకదు, గడియారం ఆగిపోతుంది. చూసేవాళ్ళకి మదర్‌బోర్డు పోయినట్టే ఉంటుంది.

మరి ఇది ఆ రకం బిగింపేనని ఎలా తెలుస్తుంది? దానికి ఒక చిట్కా ఉంది. బిగుసుకున్నప్పుడు క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే కెర్నెల్ బతికే ఉంది, పైనున్న బొమ్మల తెర మాత్రమే ఆగింది. దీపం ఉలకదు పలకదంటే గేటు పడిపోయినట్టు. దీపాలు వాటంతట అవే మినుకుమినుకుమంటుంటే కెర్నెల్ తనే "నా వల్ల కాదు" అని చేతులెత్తేసినట్టు. దాన్ని కెర్నెల్ పానిక్ అంటారు. మాకు దీపం ఉలకలేదు. ఆల్ట్‌తో పాటు సిస్‌ఆర్‌క్యూ మీట పట్టుకుని ఎస్, యు, బి వరసగా నొక్కితే డిస్కుని జాగ్రత్తపరచి మళ్ళీ మొదలవుతుంది. ఆ వసతి కెర్నెల్‌లో ఉంది. కానీ గేటే పడిపోతే ఆ కేక కూడా వినపడదు. పవర్ మీట ఐదు సెకన్లు నొక్కి పట్టుకోవడం తప్ప దారి లేదు.

మళ్ళీ ఆన్ చేసి, గ్రబ్ పట్టిక వచ్చినప్పుడు కెర్నెల్ వరస చివర "సింగిల్" అనే మాట చేర్చాం. అప్పుడు లైనక్స్ బొమ్మలూ హంగులూ లేకుండా ఒంటరిగా లేస్తుంది. లేచింది, బిగుసుకోలేదు. ఆఖర్లో నడిచే ఆర్‌సి-లోకల్ అనే ఫైలు తెరిచాం. అట్టడుగున పెద్దాయన చేర్చిన వరస ఉంది, మోడెమ్ డ్రైవర్‌ని పిలిచే వరస. చెరపలేదు. దాని ముందు హాష్ గుర్తు ఒకటి పెట్టాం. అంటే "ఈ వరస చదవకు" అని. మళ్ళీ మొదలుపెట్టాం.

బొమ్మల తెర వచ్చింది. నీలం రంగు వెనకతెర మీద గోదావరి వంతెన ఫోటో. మూలన గడియారం నడుస్తోంది. పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఇదే, ఇదే ఆయన పెట్టుకున్న బొమ్మ" అన్నారు. ఇరవై ఏళ్ళ పాటు ఆ పెట్టెని చచ్చిపోయిందనిపించినది ఒక్క వరస.

మీకు పనికొచ్చే భాగం ఇక్కడికి అయిపోయింది. కానీ మిత్రుడికి కారణం కావాలి. కారణం వెతకడంలో ఒక్కటే నియమం, ఒకసారికి ఒక్కటే మార్చాలి.

మొదటి అనుమానం ఇంటరప్ట్ పంపకం మీద. ప్రాక్-ఇంటరప్ట్స్ అనే ఫైలు చూస్తే ఎవరెవరు ఒకే గంట తాడు లాగుతున్నారో తెలుస్తుంది. మోడెమ్, సౌండు, యు.ఎస్.బి. మూడూ ఒకే తాడు మీద ఉన్నాయి. సౌండు డ్రైవర్ తీసేసి మోడెమ్ డ్రైవర్‌ని చేత్తో పిలిచాం. పిలిచే ముందు "సింక్" అని కొట్టాం, రాయాల్సినవన్నీ డిస్కులో పడేలాగ. బిగిసింది. కెర్నెల్‌కి "పిసిఐ, నో ఏసిపిఐ" అనే మాట చేర్చి ఆ పంపకమే మార్చి చూశాం. అప్పుడూ బిగిసింది. అంటే తాడు దోషం కాదు.

గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్ ఇంకా ఉంది. దాంతో మొదలుపెట్టి, అదే మోడెమ్ డ్రైవర్‌ని పిలిచాం. చక్కగా లేచింది! రెండు కెర్నెల్‌ల కాన్ఫిగ్ ఫైళ్ళు బూట్ ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉంటాయి. పోల్చి చూస్తే కొత్తదాంట్లో ఒక వరస కనిపించింది: నాలుగు-కె-స్టాక్స్, అవును. పాతదాంట్లో లేదు.

ఇదేమిటంటే, కెర్నెల్‌లోకి వచ్చిన ప్రతి పనికీ చిత్తు లెక్కలు వేసుకోడానికి ఒక చిన్న బల్ల ఇస్తారు. ఇంటెల్ 32 బిట్ల యంత్రాల్లో ఆ బల్ల 8 కిలోబైట్లు. ఆ యంత్రాల్లో మెమరీని 4 కిలోబైట్ల పలకలుగా పంచుతారు. 8 కావాలంటే రెండు పలకలు పక్కపక్కనే దొరకాలి, బాగా వాడకంలో ఉన్న యంత్రంలో అది కష్టం. అందుకని 2.6 కెర్నెల్ రోజుల్లో 4 కిలోబైట్లే ఇచ్చే వసతి పెట్టారు. 2004 మేలో వచ్చిన ఫెడోరా కోర్ 2 అలాగే వచ్చింది. పొదుపుగా రాసిన డ్రైవర్లకి ఏ ఇబ్బందీ లేదు. మా డ్రైవర్ పెద్ద బల్ల ఉంటుందనుకుని రాసినది. దాని కాగితాలు బల్ల దాటి పోయాయి. ఆ బల్ల చివరే ఆ పని ఎవరిదో చెప్పే చీటీ ఉంటుంది. దాని మీద రాసేశాక, తానెవరో తనకే తెలియని స్థితి. గేటు వేసినవాడు గేటు సంగతే మరిచిపోయాడు.

ఖాయం చేసుకోవాలని ఆ కొత్త కెర్నెల్‌నే ఆ ఒక్క వరస "కాదు" అని మార్చి మళ్ళీ కట్టాం. సోర్సు అదే సి.డి.లో ఉంది. పాత యంత్రం కదా, రాత్రంతా పట్టింది. పొద్దున్న డ్రైవర్‌ని పిలిచాం. లేచింది. బిగుసుకోలేదు.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అంటే తప్పు సి.డి.దా, డ్రైవర్‌దా?" అన్నాడు. ఇది మంచి ప్రశ్న. కెర్నెల్ రాసినవాళ్ళు బల్ల చిన్నది చేస్తున్నామని దాచలేదు, అందరి ముందే చేశారు. తెరిచి ఉన్న డ్రైవర్లని ఎవరైనా సరిచేయచ్చు. మా డ్రైవర్‌లో పైపై కొంత భాగమే తెరిచి ఉంది. లెక్కలు చేసే గుండెకాయ మాత్రం తాళం వేసిన ముద్ద. తయారుచేసిన వాళ్ళు తప్ప ఎవరూ లోపల చూడలేరు. తాళం వేసిన డ్రైవర్ ఎక్కగానే లైనక్స్ కెర్నెల్ తన మీద "టెయింటెడ్" అని ముద్ర వేసుకుంటుంది. మన భాషలో మైల పడటం. మైల పడిన కెర్నెల్ బిగిసిందని రాస్తే, కెర్నెల్ రాసేవాళ్ళు "ముందు ఆ ముద్ద తీసేసి, అప్పుడు చెప్పండి" అనేవారు. పొగరు కాదది. చూడలేని దాన్ని ఎలా బాగుచేస్తారు?

పెద్దాయన టెలిఫోన్ లైను స్తంభం నుంచి స్తంభానికి వెతుక్కుంటూ వెళ్ళి తెగినచోట పట్టుకున్న మనిషి. ఈ పెట్టెలో కూడా అంతే ఓపికగా వెతుక్కుంటూ వెళ్ళారు. ఆఖరి స్తంభం దగ్గర గదికి తాళం ఉంది. నోటుపుస్తకం అక్కడితో ఆగింది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆ రోజుల్లోనే స్మార్ట్‌లింక్ వాళ్ళ మోడెమ్‌లకి ఒక పద్ధతి వచ్చింది. దాంట్లోనూ లెక్కల ముద్ద తాళం వేసే ఉండేది. కానీ దాన్ని వంటింట్లోంచి హాల్లోకి తెచ్చారు. కెర్నెల్‌లో ఉండేది తెరిచి ఉన్న చిన్న సౌండు డ్రైవర్, లెక్కలు చేసేది బయట మామూలు ప్రోగ్రాము. అది పడిపోతే లైను తెగుతుంది, అంతే. మళ్ళీ కలుపుకోవచ్చు. మనిషిని నమ్మచ్చా లేదా అన్నదాని కంటే, నమ్మలేని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాం అన్నది ముఖ్యం. ఆ తరవాత కెర్నెల్ కూడా మారింది. 2014లో 64 బిట్ల యంత్రాలకి ఆ బల్లని 16 కిలోబైట్లు చేశారు.

ఇంతకీ మీ ఇంట్లో పాత లాప్‌టాప్‌కి ఏం చేయాలి? మోడెమ్ కాకపోవచ్చు, వైఫై కావచ్చు, గ్రాఫిక్స్ కావచ్చు. వరస మాత్రం ఇదే. బయోస్ తెర మీద అరగంట ఉంచండి. సి.డి. మీంచో, పెన్ డ్రైవ్ మీంచో నడిచే లైనక్స్ పెట్టి చూడండి. నడిస్తే ముందు ఫైళ్ళన్నీ బయటికి తీయండి, ఆ తరవాతే రిపేరు. ఆఖరిసారి మార్చినదేదో కనుక్కోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినది కాగితం మీద రాయండి. ఏదీ చెరపకండి, హాష్ గుర్తు పెట్టండి. మెయిల్ ప్రోగ్రాములో ఇన్‌బాక్స్ చూసి ఊరుకోకండి, అవుట్‌బాక్స్, డ్రాఫ్ట్స్ కూడా చూడండి. డయలప్ రోజుల్లో మన పెద్దవాళ్ళు రాసి, లైను కలవక ఆగిపోయినవి అక్కడే ఉంటాయి.

ఆ ఉత్తరాల్లో ఏముందో నేను అడగలేదు. వారం తరవాత మిత్రుడే వన్-నార్త్ స్టేషన్ దగ్గర కలిసి చెప్పాడు. పెద్ద విషయాలేమీ లేవట. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయని, కొబ్బరిచెట్టు కొట్టించేశానని, అమ్మకి మోకాలు నొప్పి తగ్గిందని, నువ్వు అడిగిన పుస్తకం దొరికిందని. చివరి మూడింటిలో మాత్రం ఒకే వాక్యం ఉందట: "నీ దగ్గర్నుంచి జవాబు లేదు, పనిలో ఉండి ఉంటావు."

"నేనేమో నాన్న రాయడం మానేశారనుకున్నాను. ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఇద్దరం ఈ సంగతి ఎత్తలేదు" అన్నాడు. ఫోన్లో చెప్పే మాటలు వేరు, రాసే మాటలు వేరు కదండీ. పంపలేదన్న సంగతి పెట్టెకి తెలుసు, మనుషులకి తెలియలేదు.

పదిహేడో అక్షాంశం నుంచి ఒకటో అక్షాంశానికి రావలసిన ఉత్తరాలు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, పిన్నిగారి చీర మడతల్లో వచ్చాయి. ఆయన పదకొండింటికీ జవాబులు రాస్తున్నాడు. ఆర్.టి.ఎస్.లో కాదు, తెలుగు లిపిలోనే. రాత్రి భోజనాలయ్యాక పిన్నిగారికి చదివి వినిపిస్తాడు. లాప్‌టాప్ వాళ్ళ హాల్లో బల్ల మీద ఉంది. మోడెమ్ వరసకి హాష్ గుర్తు అలాగే ఉంది. ఇప్పుడు దానికి తగిలించడానికి ఆ ఇంట్లో టెలిఫోన్ తీగ లేదు.

ఈ వారం మీ అలమారా అడుగున ఓసారి చూడండి.